డెల్టాలో పాత బెంజి కారు కొనే ముందు

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్న మా బావగారు గత నెలలో ఫోన్ చేసి, 2013లో రిజిస్టరైన మెర్సిడెస్ బెంజ్ ఇ 250 సీడీఐ కారు ఒకటి రాజమహేంద్రవరంలో 9 లక్షలకు దొరుకుతోందని చెప్పారు. "నువ్వు చూసి సరేనంటేనే అడ్వాన్సు ఇస్తాను" అన్నారు. ఆయనకు ఆ కారంటే పదేళ్ల కోరిక. అందువల్ల ఆ బాధ్యతను నేను తేలికగా తీసుకోలేకపోయాను.

కొత్తలో 40 లక్షలు దాటిన కారు ధర పన్నెండేళ్లలో 9 లక్షలకు దిగుతుంది గాని, దాని విడిభాగాల ధర మాత్రం దిగదు. సస్పెన్షన్ బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, ఇంజిన్ మౌంటింగులు, ఇంజెక్టర్లు, వీటిలో ఏది మార్చవలసి వచ్చినా ఖరీదైన కారుకు పెట్టే ఖర్చే పెట్టాలి. పైగా ఆ 2,143 సీసీ డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్, అంటే వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే గొలుసు, వెనుకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది కాబట్టి దాన్ని మార్చడం చిన్న పని కాదు. కొన్న ధరలో కనీసం నాలుగో వంతు మొత్తాన్ని మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా ఉంచుకోలేనివారు ఇలాంటి కారు జోలికి పోకూడదని నా అభిప్రాయం.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చే శబ్దమే దాని అసలు స్థితిని చెబుతుంది కనుక, మనం వెళ్లేలోపు వేడి చేసి ఉంచవద్దని అమ్మకందారుకు ముందే చెప్పి, ఉదయం ఏడింటికే మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాము. బానెట్‌పై చెయ్యి వేసి చూసి, ఆ తరువాతే స్టార్ట్ చేశాము. చైన్ చప్పుడు లేదు, గేర్లు కుదుపు లేకుండా మారాయి, కారు కంప్యూటర్‌లోని లోపాలను చదివే స్కానర్‌లో పెద్ద లోపమేదీ కనిపించలేదు. బావగారి ముఖంలో వెలుగు వచ్చింది.

అయితే మన ప్రాంతంలో ఇంజిన్ కంటే ముందు చూడవలసింది నీరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే నీటిలో ఉండిపోయాయి. అలా మునిగిన వాహనాలను శుభ్రం చేయించి, సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మేవారు ఉన్నారు. ఇటువంటి కార్లలో నేలపై పరిచిన కార్పెట్ కింద వైర్ల కట్టలు, కనెక్టర్లు ఉంటాయి. దాని కింది ఫోమ్ ఒకసారి నీరు పీల్చితే వారాల తరబడి ఆరదు. అప్పుడు చిలుము లోలోపల పాకి, ఏడాది తరువాత ఒక రోజు ఎయిర్‌బ్యాగ్ దీపం, మరొక రోజు పవర్ విండో, ఇలా ఒక్కొక్కటిగా బయటపడుతుంది. కార్పెట్‌ను పైనుంచి తడిమితే సరిపోదు, అంచు లేపి చూడాలి.

మేము సీటు బెల్టును చివరిదాకా లాగితే, ఎప్పుడూ బయటికి రాని ఆ భాగంలో లేత గోధుమరంగు చార ఒకటి కనిపించింది. వెనుక సీటు పట్టాల మూలల్లో వేలు పెడితే మెత్తని ఒండ్రు అంటింది. డిక్కీలో నేలపై ఉన్న అట్ట ఎత్తితే స్టెప్నీ గుంటలో బోల్టులకు తుప్పు పట్టి ఉంది. అద్దం తెరిచి ఉన్నప్పుడు వాన పడిందని అమ్మకందారు చెప్పారు. వాన నీటిలో ఒండ్రు ఉండదు.

ఆ అనుమానాన్ని కాగితాలు బలపరిచాయి. బండి విజయవాడ రిజిస్ట్రేషన్. వరుసగా అయిదేళ్లు క్లెయిము చేయని యజమానికి కారు సొంత నష్టానికి కట్టే బీమా ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది, దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. 2023 పాలసీలో అది ఉంది, 2025 పాలసీలో సున్నా అయింది. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటినా బోనస్ పోతుంది గాని, ఇక్కడ మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. అంటే ఆ వ్యవధిలో క్లెయిము జరిగి ఉండవచ్చన్నమాట. 2024 పాలసీ కాగితం చూపమంటే అది పోయిందన్నారు.

అడ్వాన్సు ఇవ్వకుండానే వచ్చేశాము. రావులపాలెం దాటేవరకు బావగారు మాట్లాడలేదు. ఆ తరువాత, ఆ బండి మరొకరికి అంటగడతారేమోనని బాధపడ్డారు. నాకూ అదే బాధ. కాకినాడలో మొదటి యజమాని చేతిలోనే ఉన్న 2015 కారు ఒకటి తెలిసింది. ధర లక్షన్నర ఎక్కువ. కార్పెట్ లేపి చూస్తామని ముందే చెప్పాము. ఆయన సంతోషంగా రమ్మన్నారు. ఈ ఆదివారం వెళ్తున్నాము.