ఎడమ పిక్క, అప్పడాల కర్ర: నా పరుగు పుస్తకంలో మూడు నెలలు

నవంబరు, మొదటి వారం

తప్పు నాదేనని ముందే రాసేసుకుంటున్నాను. అక్టోబరు ఆఖరి వారంలో మొత్తం 18 కిలోమీటర్లు పరిగెత్తినవాణ్ణి, పొద్దుటి గాలి కాస్త చల్లబడింది కదా అన్న హుషారులో ఈ వారం 31 లాగించాను. ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివర సీతానగరం దాకా వెళ్లి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. ఆదివారం నాలుగుసార్లు తిరుగుదామనుకున్నాను. మూడోసారి మధ్యలో ఎడమ పిక్క రాయిలా బిగిసింది. మిగతా దూరం కుంటుకుంటూ నడిచాను.

గవర్నర్‌పేటలో మందుల షాపు నాది. రోజుకు పది గంటలు కౌంటర్ దగ్గర నిలబడాలి. పిక్కలకు అదొక డ్యూటీ, పొద్దున పరుగు ఇంకో డ్యూటీ.

నవంబరు, రెండో వారం

నొప్పుల ఆయింట్‌మెంట్లు ఊరందరికీ అమ్మేవాణ్ణి, రెండు రోజులు నేనూ రాశాను. ఆ చల్లదనం మెంథాల్‌ది, ఆ వాసన మిథైల్ సాలిసిలేట్‌ది. చర్మం చల్లబడితే నొప్పి మీంచి ధ్యాస మళ్లుతుంది. పిక్క మాత్రం అలాగే ఉంది.

పరుగు మిత్రుడొకడు స్పోర్ట్స్ మసాజ్ చేయించుకోమన్నాడు. వెళ్లాను. చేసినాయన మోచేత్తో ఇరవై నిమిషాలు పొడిచాడు. నేను మూలుగుతుంటే "పెయిన్ వస్తేనే సార్ రిలీజ్ అవుతుంది" అన్నాడు. మర్నాడు పిక్క మీద రూపాయి బిళ్లంత నీలం మచ్చలు రెండు తేలాయి. వారం క్రితం పట్టేసిన కండరం, లోపల చిరిగిందో లేదో అడగకుండా, చూడకుండా ఆయన మొదలుపెట్టడం తప్పు. అడగకుండా పడుకోవడం నా తప్పు. చిరుగు ఉంటే మొదటి రోజుల్లో గట్టి మర్దన అసలు చేయకూడదు, లోపల రక్తస్రావం పెరుగుతుంది. ఈ ముక్క నాకు తెలుసు. అయినా బల్ల మీద పడుకున్నాక నోరు రాలేదు.

మూడో వారం

ఫిజియోథెరపిస్టు మేడమ్‌కి చూపించాను. చిరుగు లేదన్నారు. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించమన్నారు. కుడి కాలితో 24 సార్లు చేశాను. ఎడమతో 11 దగ్గరే కాలు వణికింది. నాకున్న జబ్బు బిగుతు కాదు, బలం లేకపోవడం అని ఆవిడ తేల్చేశారు. మసాజ్ చేసుకోవచ్చు, కానీ మెట్టు మీద మడమ దించే వ్యాయామం మానకూడదన్నారు.

పరిగెత్తితే కండరాల్లో చేరే లాక్టిక్ ఆమ్లం వల్లే నొప్పులట, మసాజ్ చేస్తే అది పోతుందటగా అని అడిగాను, మా గుంపులో అందరూ చెప్పే మాట కాబట్టి. నవ్వారు. అది పరుగు ఆపిన గంటా రెండు గంటల్లోపే రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుందట. రెండో రోజు మెట్లు దిగుతుంటే ప్రాణం పోయే నొప్పి వేరు. అలవాటు లేని శ్రమకు కండరం నారల్లో కలిగే సన్న దెబ్బల వల్ల వచ్చేది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. మసాజ్ ఆ నొప్పిని కొంత తగ్గిస్తుంది, కాలు వదులైనట్టు అనిపిస్తుంది. వేగం మాత్రం పెంచదు.

నవంబరు ఆఖరు

ఇక నా మర్దన నేనే చేసుకుంటున్నాను. పరుగు రోజు సాయంత్రం, షాపు మూశాక, కాలికి పది నిమిషాల చొప్పున.

నేర్పింది మా అమ్మ. ఇద్దరు మనవలకు నూనె రాసి కాళ్లు సాగదీసిన చేతులు ఆవిడవి. నేను బొటనవేళ్లతో పిక్కను కుమ్ముతుంటే చూసి, "ఒరేయ్, అది కాలా, రోకలి బండా? ముందు కండ వేడెక్కనీయరా" అంది. అప్పటి నుంచి వరస ఇది: మడమ నుంచి మోకాలి వైపు అరచేత్తో రెండు నిమిషాలు మెల్లగా రుద్దడం. తర్వాత పిండి పిసికినట్టు పిక్కను రెండు చేతుల్లోకి తీసుకుని పిసకడం. ఆ తర్వాతే బొటనవేళ్లు. వేలికి గట్టిగా తగిలిన చోట ఆగి, అర నిమిషం నొక్కి ఉంచడం. నొప్పి పదికి ఐదు దాటితే చెయ్యి తేలిక చేస్తాను. ఊపిరి బిగబట్టానంటే ఎక్కువ నొక్కుతున్నట్టే.

కాలు చాపి చేస్తే పైనున్న పెద్ద కండ మాత్రమే చేతికి వస్తుంది. దాని కింద సోలియస్ అని ఇంకొకటి ఉంది. మోకాలు మడిస్తే పై కండ వదులవుతుంది, అప్పుడు కింది దాన్ని పక్కల నుంచి పట్టుకోవచ్చు. నా బిగుతంతా అక్కడే దొరికింది. మోకాలి వెనక గుంట జోలికి మాత్రం పోను, నరాలూ రక్తనాళాలూ పైపైనే ఉంటాయి.

నువ్వుల నూనె ఒక చెంచా చాలు. మొదటి రోజు గిన్నెడు పోసుకుంటే వేళ్లు జారడమే తప్ప పట్టు దొరకలేదు. అదే కాళ్లతో బాత్‌రూమ్‌కి వెళ్లి టైల్స్ మీద సర్రున జారి, గోడ పట్టుకుని బతికాను. అంత జరిగాక పాత లుంగీతో పాదాలు తుడుచుకోకుండా లేవడం లేదు.

డిసెంబరు

కండరాల మీద దొర్లించుకునే ఫోమ్ రోలర్ కొనకుండా అప్పడాల కర్రతో కానిచ్చాను. తొడలకు బాగా పనిచేస్తుంది. మా ఆవిడ చూసి, "ఇక ఆ కర్రతో చపాతీలు మీరే చేసుకోండి" అని ఇంకోటి కొనుక్కుంది. అరికాళ్లకు టెన్నిస్ బంతి. షాపులో కౌంటర్ కింద ఒకటి పెట్టుకున్నాను, బేరం లేనప్పుడు దొర్లిస్తుంటాను.

మెట్టు వ్యాయామం రోజూ 15 చొప్పున మూడు విడతలు. మూడు లెక్కపెడుతూ మడమ దించాలి. మసాజ్ అంత సుఖంగా ఉండదు, అందుకే రెండుసార్లు ఎగ్గొట్టాను. వారానికి 14 కిలోమీటర్లే, అదీ నెమ్మదిగా.

భవానీ భక్తులు దీక్ష విరమణకు వచ్చే రోజుల్లో బ్యారేజీ వైపు వెళ్లలేదు. ఇందిరాగాంధీ స్టేడియంలో రౌండ్లు కొట్టాను.

ఈ నెలలోనే ఒకాయన పిక్క నొప్పికి ఆయింట్‌మెంట్ అడిగాడు. చూస్తే ఒక్క కాలే వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. బస్సులో రాత్రంతా కూర్చుని వచ్చానన్నాడు. ఇంట్లో మర్దన చేయిస్తానంటే గట్టిగా వద్దన్నాను. అది సిరలో గడ్డకట్టిన రక్తమైతే, పిసికితే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఆయింట్‌మెంట్ అమ్మలేదు, ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి పంపాను.

జనవరి

ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం ఎడమ కాలితో 19 సార్లు.

పండగ మూడు రోజులూ పరుగు లేదు, అరిసెలు మాత్రం ఉన్నాయి. ఆ తర్వాత 20 కిలోమీటర్ల వారం. బుధవారం రాత్రి నూనె రాస్తుంటే సోలియస్ లోపలి అంచున చిన్న ముడిలాంటిది తగిలింది. నడుస్తుంటే నొప్పి లేదు, నొక్కితేనే తెలుస్తోంది. నవంబరులో అయితే నాకు తెలిసేది కాదు. గురువారం పరుగు మానేసి స్టేడియంలో నడిచాను. శనివారానికి ముడి మెత్తబడింది. నొక్కడం వల్ల తగ్గిందో, ఆగడం వల్ల తగ్గిందో చెప్పలేను కానీ నా పందెం ఆగడం మీదే. ఇప్పుడు మర్దన నాకు మందు కన్నా తనిఖీగా ఎక్కువ పనికొస్తోంది. రోజూ సాయంత్రం సరుకు చూసుకున్నట్టు కాళ్లు చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి, మొదటి వారం

ఎడమ 22, కుడి 26. వారానికి 24 కిలోమీటర్లు. ఆదివారం బ్యారేజీ నాలుగుసార్లు తిరిగాను. నాలుగో రౌండులో పిక్క కాస్త బరువెక్కింది, బిగియలేదు. ఎడమ మడమ వెనక పట్టీలాంటి స్నాయువు మాత్రం పొద్దున లేచిన మొదటి పది అడుగులు ఇంకా పట్టేస్తోంది. మేడమ్‌ని అడగాలి. కౌంటర్ కింద టెన్నిస్ బంతి కనిపించడం లేదు, మా చిన్నవాడు క్రికెట్‌కి పట్టుకుపోయినట్టున్నాడు.