క్యారియర్ లేని ఐఫోన్‌కు వాయిదాలు: నా అనుభవం

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో చాలామందిలాగే నాకూ ఒకే ఫోన్‌లో రెండు నంబర్లు ఉండాలి. ఒకటి ఇక్కడిది, రెండోది హైదరాబాద్ బ్యాంకు ఓటీపీలు వచ్చే ఎయిర్‌టెల్ నంబరు. క్యారియర్ (మొబైల్ నెట్‌వర్క్ కంపెనీ) లాక్ ఉన్న ఫోన్ వేరే కంపెనీ ఈసిమ్‌ను (ఫోన్‌లోనే డిజిటల్‌గా వేసుకునే సిమ్) తీసుకోదు కనుక, పాత ఫోన్‌ను ఆపిల్ దగ్గరే అన్‌లాక్డ్‌గా కొని, ఆపిల్ కార్డు (ఆపిల్ సొంత క్రెడిట్ కార్డు) మీద 24 నెలల వడ్డీ లేని వాయిదాల్లో తీర్చాను.

2023లో ఆ వెసులుబాటు పోయింది. ఐఫోన్ 15 కొనబోతే, క్యారియర్‌ను తర్వాత కలుపుకుంటానన్న ఎంపిక దగ్గర ఆపిల్ కార్డు వాయిదాలు కనిపించలేదు. పైగా ఆ ఎంపికలో ధర 799 డాలర్ల నుంచి 829కి పెరిగింది. ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరిజాన్‌లలో ఒకదాన్ని ఎంచుకుంటేనే వాయిదాలు. టీ-మొబైల్‌ను ఎంచుకుంటే అది ఖాతా వివరాలు అడిగింది, నాదేమో అదే నెట్‌వర్క్ మీద నడిచే ఒక చిన్న కంపెనీ ప్రీపెయిడ్ కనెక్షన్. విచిత్రమేమిటంటే, ఆపిల్ కార్డు వాయిదాల్లో ఇచ్చే ఫోన్ అప్పటికీ అన్‌లాక్డే. లాక్ పడింది వాయిదాలకు.

పెద్ద క్యారియర్‌కు మారితే ఫోన్ దాదాపు ఉచితమని స్నేహితులు అన్నారు. అయితే ఆ రాయితీ కంపెనీని బట్టి 24 లేదా 36 నెలల పాటు బిల్లులో కొంచెం కొంచెంగా వస్తుంది, అందుకు చాలాసార్లు ఖరీదైన ప్లాన్ తీసుకోవాలి. నెలకు 40 డాలర్లు ఎక్కువనుకున్నా మూడేళ్లకు 1,440 డాలర్లవుతుంది. దుకాణాల సొంత కార్డులను కూడా చూశాను కానీ, వాటిలో చాలావాటికి గడువులోగా బాకీ మొత్తం తీరకపోతే కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ వేసే షరతు ఉండడంతో వదిలేశాను.

చివరికి మొదటి 15 నెలలు వడ్డీ లేని ఒక మామూలు క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేశాను. టెక్సస్‌లో మా ఊరి 8.25 శాతం పన్నుతో కలిపి 897 డాలర్లు చిల్లర అయింది. ఆపిల్ వాయిదాల్లో పన్ను చేరదు కనుక, వడ్డీ పడకూడదంటే దాన్ని మొదటి బిల్లులోనే కట్టాల్సి వచ్చేది, ఇక్కడ అదీ వడ్డీ లేని బాకీలోనే కలిసింది. కార్డువాళ్లు అడిగే కనీస చెల్లింపుతో సరిపెడితే గడువుకు బాకీ చాలానే మిగులుతుంది కాబట్టి, నెలకు 60 డాలర్ల చొప్పున ఆటోపే పెట్టుకున్నాను.