తబలా ఎవరండీ?

గురువారం. రాత్రి పదకొండున్నర దాటింది. చెవుల్లో ఇంకా డప్పులు మోగుతూనే ఉన్నాయి, ఎలాగూ ఇప్పుడప్పుడే నిద్ర రాదు.

పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందే ఒక ఫోన్ చేశాను. సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాత సినిమా పాటల విభావరి ఉంది. ఆహ్వాన పత్రిక నిన్నే వాట్సాప్‌లో వచ్చింది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు, నిర్వాహకులు, అందరి ఫొటోలూ ఉన్నాయి. పాడేవాళ్ల ఫొటోలు కాస్త చిన్నవి. ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకున్నాయన పేరు కూడా అడుగున వేశారు. వాయించేవాళ్ల ఊసు మాత్రం ఎక్కడా లేదు.

"తబలా ఎవరండీ?" అని అడిగాను.

"ఎవరో ఒకరు వస్తారు లెండి మేడం. ఆర్కెస్ట్రావాళ్లు చూసుకుంటారు."

"అయితే ఆర్కెస్ట్రా ఉందన్నమాట. రికార్డు చేసిన ట్రాక్ కాదుగా?"

"సగం సగం మేడం."

సగం సగమైనా నయమే అనుకుని వెళ్దామని నిర్ణయించుకున్నాను.

ప్రతి సోమవారం నాకు తెలిసినవాళ్లకు ఒక జాబితా పంపుతుంటాను. ఆ వారం ఊళ్లో ఎక్కడెక్కడ పాటా వాద్యమూ ఉన్నాయి, ఎన్నింటికి, టికెట్టా ఉచితమా, పక్కన వాయించేదెవరు. మొదటి మూడూ పది నిమిషాల పని. ఆ చివరిదాని కోసమే వారమంతా ఫోన్లు చేస్తాను. మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు పబ్బుల్లో వాయించే బ్యాండ్లతో ఈ బాధ లేదు. డ్రమ్స్ ఎవరో, బేస్ ఎవరో వాళ్లే పోస్టర్ మీద వేసుకుంటారు. కర్ణాటక కచేరీల పత్రికల్లోనూ వయొలిన్, మృదంగం పేర్లు తప్పకుండా ఉంటాయి. కాకపోతే తని ఆవర్తనం, అంటే మృదంగం ఆయన ఒక్కడే వాయించే భాగం, మొదలవగానే సగం హాలు లేచి కాఫీకి వెళ్తుంది. అంత బాగా పేరు అచ్చేసి, ఆయన ఒంటరిగా వాయించే సమయానికి కుర్చీలు ఖాళీ చేయడం ఏం మర్యాదో నాకెప్పటికీ అర్థం కాదు.

ఈ పట్టుదల నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మధ్యాహ్నం లంచ్‌లో ఫోన్ చేస్తే విజయవాడలో కరెంటు పోయిందని విసుక్కుంటోంది. మాటల్లో మాటగా సాయంత్రం కార్యక్రమం సంగతి చెప్పాను. "తబలా ఎవరో తెలీకుండానే వెళ్తున్నావా?" అంది. అమ్మకు సంగీతం రాదు. కానీ విజయవాడ రేడియో వింటూ పెరిగిన మనిషి. ఆ కేంద్రం 1948 డిసెంబరు ఒకటిన మొదలైంది, మా ఇంటికి రేడియో వచ్చింది చాలా తర్వాత. పాట మొదలయ్యే ముందు అనౌన్సర్ ఎవరు పాడుతున్నారో చెప్పి, ఆ వెంటనే వయొలిన్ మీద ఎవరు, మృదంగం మీద ఎవరు అని చెప్పేవాళ్లు. రోజూ అదే వరసలో వినీ వినీ అమ్మకు పాటల కంటే ఆ పేర్లే ఎక్కువ గుర్తుండిపోయాయి. వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు అని ఇప్పటికీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంది. ఆ దండమూడి వారి భార్య సుమతి గారు కూడా మృదంగ విద్వాంసురాలే. 2021లో ఆవిడకూ, అన్నవరపు వారికీ పద్మశ్రీ వచ్చినప్పుడు అమ్మ నాకు ఫోన్ చేసి, తన చుట్టాలకే వచ్చినంత సంబరపడిపోయింది.

రేడియోవాళ్లు మర్యాద కోసం చదివిన పేర్లు కావవి. ఆకాశవాణిలో పాడేవాళ్లకు ఉన్నట్టే పక్కవాద్యాలవాళ్లకూ ఆడిషన్ ఉంటుంది, గ్రేడు ఉంటుంది. బి, బి-హై, ఏ, టాప్. మృదంగంలో టాప్ గ్రేడ్ అంటే పాటలో టాప్ గ్రేడ్‌తో సమానం. ఫ్లెక్సీ వచ్చాక ఆ లెక్క పోయింది. ముఖం ఉన్నవాడికే చోటు.

ఆఫీసులో ఇంకేమీ జరగలేదు. నెలాఖరు బిల్లులు.

ఆరింటికి గానసభ చేరాను. 1966లో పుట్టిన సంస్థ ఇది, రోజూ సాయంత్రం ఏదో ఒకటి ఉంటుంది. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఏ కార్యక్రమమో చూడకుండానే వచ్చేస్తారు. ఇల్లు దగ్గర, తలుపు తీసి ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది. వాళ్లంటే నాకు చాలా గౌరవం. నా జాబితా అక్కర్లేని శ్రోతలు వాళ్లు.

జ్యోతి ప్రజ్వలన అయింది, ప్రార్థన అయింది, మొదటి నాలుగు పాటలూ ట్రాక్ మీద సాగాయి. పాటలోంచి గొంతు తీసేసి మిగిలిన సంగీతాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని దాని మీద పాడతారు. వయొలిన్లు, వేణువు, అన్నీ ఒరిజినల్‌లో ఉన్నట్టే వినిపిస్తాయి. తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, నాకు మాత్రం ఆ నాలుగు పాటలూ వాచీ చూసుకోవడంతోనే సరిపోయింది. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. శ్వాస అందకపోయినా, పదం మర్చిపోయినా అది తన దారిన వెళ్లిపోతుంది, గాయకుడు చచ్చినట్టు వెనకాల పరిగెత్తాలి.

ఐదో పాటకు తబలా, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వచ్చి కూర్చున్నాయి. హాలు ఒక్కసారిగా మేలుకుంది. తబలా ఆయనకు యాభై పైనే ఉంటాయి. సంచిలోంచి ఒకటి కాదు, వేర్వేరు సైజుల తబలాలు తీసి వరసగా పెట్టుకున్నాడు. శ్రుతి లెక్కలో మగగొంతు ఒకటికో ఒకటిన్నరకో పాడుతుంది, ఆడగొంతు ఐదుకో ఐదున్నరకో. చిన్న సుత్తితో తట్టి శ్రుతిని కొంచెం అటూ ఇటూ జరపొచ్చు గానీ ఒకటి నుంచి ఐదుకు లాక్కుపోలేరు. అందుకే గాయకుడు మారినప్పుడల్లా తబలా మారుతుంది. పక్కన కీబోర్డు కుర్రాడు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కటి నొక్కి ఫోన్ చూసుకుంటున్నాడు. ఈయనేమో వంగి, చెవి ఆనించి, తట్టి, మళ్లీ తట్టి సరిచేసుకుంటున్నాడు. యాంకరమ్మ ఆ ఖాళీలో జోకులు వేసింది. ఆ జోకుల కంటే సుత్తి చప్పుడే బాగుంది.

ఏడో పాటలో ఒక పెద్దాయన రెండో చరణాన్ని ముందే ఎత్తేసుకున్నాడు. సగం ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టులో సగం, ముందు. తబలా ఆయన తల కూడా ఎత్తలేదు. ఏదో చిన్న ముక్తాయింపు లాంటిది వేసి ఆ మిగిలిన సగాన్ని మింగేశాడు, తర్వాతి దెబ్బ సరిగ్గా పాట మీద పడింది. కీబోర్డు కుర్రాడు ఫోన్ పక్కన పెట్టి నవ్వాడు. హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. పాట అయ్యాక పెద్దాయనకు గట్టిగా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, నావి ఎవరికోసమో ఆయనకు తెలియదు.

ఆ తర్వాత సన్మానాలు. శాలువాలు, మెమెంటోలు, మైకు ముందు ప్రసంగాలు. ఇది ముప్పావు గంటకు తగ్గదని అనుభవం మీద తెలుసు కాబట్టి బయటికొచ్చాను. తబలా ఆయన కారిడార్‌లో టీ తాగుతున్నాడు. నోట్‌బుక్ తీసి పేరడిగాను.

"మీరు పేపరాండీ?"

"కాదు."

"యూట్యూబా?"

"అదీ కాదండీ. ఊరికే, వాయించినవాళ్ల పేర్లు రాసి పెట్టుకుంటాను."

నన్ను ఒకసారి అనుమానంగా చూసి పేరు చెప్పాడు. ఇక్కడ పెట్టొచ్చా అని అడగలేదు కాబట్టి ఇక్కడ రాయట్లేదు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతాడట. ఒకప్పుడు పెళ్లి రిసెప్షన్లు, గణపతి పందిళ్లు కలిపి సీజన్‌లో ఇంటికెళ్లే తీరిక ఉండేది కాదట, ఇప్పుడు పెళ్లిళ్లన్నీ డీజేలు పట్టుకుపోయారట. "సన్మానాలు ఎప్పుడవుతాయండీ, నాకు లాస్ట్ బస్సుంది" అని నన్నే అడిగాడు. శాలువా కప్పేవాళ్లలో ఎవరికీ లాస్ట్ బస్సు ఉన్నట్టు లేదు.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారి నాంపల్లిలో దిగాను. గురువారం కదా, యూసుఫైన్ దర్గాలో కవ్వాలీ ఉంటుంది. గోల్కొండ ముట్టడికి వచ్చిన ఔరంగజేబు సైన్యంతో పాటు వచ్చారని చెప్పే ఇద్దరు సూఫీల సమాధులు ఇవి. గులాబీల వాసన, ఊదు పొగ, బయట చెప్పులు దాచేవాళ్ల కేకలు. ఆడవాళ్లు కూర్చునే వైపు ఒక స్తంభం పక్కన చోటు దొరికింది.

కవ్వాలీలో ముందు కూర్చున్న ఉస్తాద్‌కే పేరు. వెనకవాళ్లందరూ కలిపి హమ్‌నవా, పోస్టర్ మీద కూడా ఆ ఒక్క మాటే వేస్తారు. ఈ ఊళ్లో కవ్వాలీ అనగానే అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పేరు చెబుతారు, ఇప్పుడు ఆయన మనవలు వార్సీ బ్రదర్స్ పేరు. వాళ్ల వెనక చప్పట్లు కొట్టేదెవరో నాకూ చాలాకాలం తట్టలేదు. ఈ రోజు పాడింది ఒక చిన్న పార్టీ. చూస్తే లయ మొత్తం ఆ వెనక వరస చేతుల్లోనే ఉంది. ఎవరైనా లేచి నజరానా నోటు తెచ్చి ముందు పెడితే ఉస్తాద్ అదే చరణాన్ని మళ్లీ ఎత్తుకుంటాడు. ఎన్నిసార్లు తిప్పుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. ఢోలక్ ఆయనా, చప్పట్లవాళ్లూ ఆయన భుజం కదలిక చూసి పట్టుకుంటారు. చప్పట్లలో ఒక కుర్రవాడు, బహుశా పదిహేనేళ్లు, అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

విరామంలో ఢోలక్ ఆయన్ని పేరడిగాను. "మేరా నామ్ లిఖ్‌కే క్యా కర్తే మేడం, ఉస్తాద్ కా నామ్ లిఖో" అన్నాడు. నేను వదల్లేదు. చివరికి చెప్పాడు, వెంటనే ఉస్తాద్ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. నా పుస్తకంలో ఎక్కిన పేరు వల్ల ఆయనకు ఒరిగేదేమిటో, ఇబ్బందేమైనా ఉందేమో కూడా తెలియదు. అయినా రాశాను.

తొమ్మిదిన్నరకు ఆటో ఎక్కాను. ఏసీ గార్డ్స్ దగ్గర బరాత్ అడ్డం వచ్చింది. మర్ఫా! డ్రైవర్ విసుక్కుంటూ ఇంజన్ ఆపాడు, నేను డబ్బులిచ్చి దిగిపోయాను, విజయనగర్ కాలనీకి అక్కణ్ణుంచి నడకే. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నిజాంకు అప్పగించిన సిద్దీ సైనికుల దళం ఉండిన చోటు, ఆ సిద్దీలు తెచ్చారని చెప్పే డప్పుల మోతే ఈ మర్ఫా. ఆ దెబ్బ ఇప్పుడు ఊరందరిదీ అయిపోయింది. ఏ కులం పెళ్లయినా, ఏ మతం పెళ్లయినా తీన్‌మార్ లేకుండా వీధి దాటదు. 2024లో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు నాకు గుర్తొచ్చింది వీళ్లే. తోలు మీద చెయ్యి వేసేవాళ్లకు కాస్త పని పెరుగుతుందేమోనని ఆశ. పెరిగిందో లేదో వీళ్లనే అడగాలి.

అడిగే వీలు పది నిమిషాల్లోనే వచ్చింది. పది కావస్తోందని పెట్రోలింగ్ జీపు వచ్చి ఆగింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వీధిలో ఈ మోత కుదరదు. పెళ్లివాళ్లు ఇంకొక్క ఐదు నిమిషాలని బతిమాలుతుంటే వాయించే కుర్రాళ్లు మాత్రం హాయిగా పక్కకొచ్చి నీళ్లు తాగుతున్నారు. డప్పుల మీద పార్టీ పేరూ, ఓనర్ ఫోన్ నంబరూ పెయింట్ చేసి ఉన్నాయి. నోట్‌బుక్ తీసి పేర్లు చెప్పమన్నాను.

అందరూ ఒక్కసారే చెప్పారు. హారన్ల మధ్య ఒక్కటీ వినపడలేదు. వాళ్లలో పొడుగ్గా ఉన్న కుర్రాడు నా నోట్‌బుక్ వైపు జాలిగా చూసి, "ఫోన్ ఇవ్వండి ఆంటీ" అన్నాడు. ఇన్‌స్టాగ్రామ్ తెరిచి తన అకౌంటు వెతికి ఫాలో నొక్కాడు. వరసగా మిగతావాళ్లవీ నొక్కించాడు. ప్రతివాడి పేరు చివరా మర్ఫా అని తగిలించి ఉంది. నాకున్న స్నేహితుల కంటే వాళ్లకున్న ఫాలోయర్లే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి వాళ్లలో ఒకతను ఈ బరాత్ వీడియో పెట్టేశాడు, కింద వాయించినవాళ్లందర్నీ ట్యాగ్ చేసి. ఆదివారం బార్కస్‌లో వాయిస్తున్నారట, రమ్మని మెసేజ్ కూడా పంపాడు. సోమవారం పంపబోయే జాబితా కాబట్టి ఆదివారం అందులోకి రాదు, విడిగా ఒక మెసేజ్ పెడదామని కూర్చున్నాను. పేర్లన్నీ రాశాను. అడ్రసు దగ్గర ఆగిపోయాను. ఎవరిదో పెళ్లికి ఇంతమందిని ఎలా రమ్మంటాం?