మనం, మేము

పదకొండేళ్లుగా కలిసి నడుపుతున్న ప్రింటింగ్ ప్రెస్సు లెక్కలు చూస్తుండగా నిన్న మిత్రుడు, "ఈ సంగతి మేము ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం" అన్నాడు. ఇన్నేళ్లూ "మనం చూసుకుందాంలేరా" అనేవాడు. గొడవ లేదు, గొంతు పెరగలేదు. కానీ "మనం"లో నేనున్నాను, "మేము"లో లేను. హిందీ "హమ్"లో ఈ తేడా దాగిపోతుంది. తెలుగులో దాగదు.

రాత్రి నిద్ర పట్టక, ఎప్పుడో చదివిన గ్రీసు కాఫీ సంగతి గుర్తుకొచ్చింది. పొడవాటి పిడి ఉన్న చిన్న గిన్నెలో మరిగించి, మడ్డితో సహా కప్పులో పోసే ఆ కాఫీని గ్రీకులు ఎంతోకాలం టర్కీ కాఫీ అనే పిలిచారు. రెండు దేశాలూ 1952లో కలిసే నాటో సైనిక కూటమిలో చేరాయి. 1974లో టర్కీ సైన్యం, గ్రీకులు ఎక్కువగా ఉండే సైప్రస్‌లో దిగింది. ఆ తర్వాత గ్రీసులో అది "గ్రీకు కాఫీ"గా స్థిరపడింది. పొడి అదే, గిన్నె అదే, మడ్డి అదే! 1974లోనే నాటో సైనిక వ్యవస్థ నుంచి తప్పుకున్న గ్రీసు 1980లో తిరిగి చేరింది. కాఫీకి మాత్రం పాత పేరు తిరిగి రాలేదు. నన్ను కలవరపెట్టింది ఇదే.

ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించిందని 2003లో అమెరికా ప్రతినిధుల సభ క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్‌ను "ఫ్రీడమ్ ఫ్రైస్"గా మార్చారు. 2006లో పాత పేరే మళ్లీ పెట్టారు. అంటే కొన్ని మాటలు తిరిగి వస్తాయి.

రేపు లెక్కల పుస్తకం తెరవక ముందే వాడిని టీకి పిలుస్తాను. "మనం" అని నేనే మొదలుపెడతాను.