పొయ్యిలో ఇటుక పగిలింది

మేం న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లు కొన్నప్పుడే హాల్లో ఓ మూల కట్టెల స్టవ్ ఉంది. మందపాటి ఉక్కు పెట్టె, లోపల గోడలకి ఇటుకలు, ముందు గాజు తలుపు, పైకి నల్లటి గొట్టం. అలంకారానికి పెట్టారేమో అనుకున్నాను. మొదటి చలికాలంలోనే మంచు వానకి చెట్ల కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. రెండు రోజులు కరెంటు లేదు. పిల్లలతో సహా అందరం ఆ స్టవ్ ముందే పరుపులు వేసుకుని పడుకున్నాం. 2008 డిసెంబరులో ఇలాంటి వానకే ఈ రాష్ట్రంలో లక్షల ఇళ్లు చీకట్లో ఉన్నాయనీ, కొందరికి రెండు వారాల దాకా కరెంటు రాలేదనీ మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ చెబుతుంటాడు.

పోయిన అక్టోబరులో, మళ్లీ వెలిగించే ముందు బూడిదంతా ఎత్తుతుంటే లోపలి వెనక గోడలో ఒక ఇటుక అడ్డంగా రెండు ముక్కలై కనిపించింది. ఎడమ పక్క మూలలో ఇంకొకటి ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. దాని వెనక ఉక్కు వేలెడు వెడల్పున బయటపడింది.

వీడియో కాల్లో అమ్మకి చూపించాను. "దీనికింత హైరానా ఎందుకురా? పుట్టమన్నులో ఇంత ఊక కలిపి మెత్తు. మీ నాయనమ్మ రోజూ పొయ్యి అలికేది, ఎప్పుడైనా బీట వారిందా?" అంది. నవ్వేసి ఫోన్ పెట్టేశాను. కానీ మర్నాడు నేను చేసింది అచ్చం అదే. కాకపోతే నా పుట్టమన్ను డబ్బాలో వచ్చింది, దాని పేరు ఫర్నేస్ సిమెంట్. నల్లటి ముద్దని పగుళ్లలో, సందుల్లో దట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి, సాయంత్రం స్టవ్ నిండా కట్టెలు పేర్చి అంటించాను. అరగంటలో ఆ సిమెంటంతా అప్పడంలా పొంగింది. పొద్దున్న చూస్తే పెచ్చులు పెచ్చులుగా బూడిదలో పడి ఉంది.

అప్పుడు పక్కింటాయన్ని పిలిచాను. ముప్పై ఏళ్లుగా కట్టెలతోనే ఇల్లు వెచ్చగా ఉంచుకుంటున్న మనిషి. టార్చి వేసి చూసి, ముందుగా సిమెంటు గురించి చీవాట్లు పెట్టాడు. దాన్ని చిన్న మంట మీద మెల్లగా ఎండబెట్టాలట. అసలు మా స్టవ్‌లో దాని అవసరమే లేదన్నాడు. ఈ ఇటుకలు వేడికి సాగి, చల్లారాక ముడుచుకుంటాయి. అందుకే వాటిని అతికించరు, ఊరికే పక్కపక్కన నిలబెడతారు. ఊళ్లో మట్టి పొయ్యికి మట్టే ఒళ్లు. ఇక్కడ ఒళ్లు ఉక్కు, ఇటుక దానికి తొడుగు. ఆ తొడుగు లేనిచోట మంట నేరుగా తగిలి ఉక్కు వంకర పోతుంది. ఇటుకలు వేడిని లోపలే నిలిపి ఉంచడం వల్ల కట్టెలోంచి వచ్చే పొగ కూడా మండుతుంది. లేకపోతే ఆ పొగే చిమ్నీలో జిగురు మసిగా పేరుకుని, ఏదో ఒక రోజు అక్కడే అంటుకుంటుంది.

సన్నటి పగులుంటే భయం లేదన్నాడు. ముక్కలు కదులుతున్నా, పొడి రాలుతున్నా, వెనక ఉక్కు కనిపిస్తున్నా మార్చాల్సిందే.

హార్డ్‌వేర్ షాపులో ఆరు ఇటుకల డబ్బా దొరికింది. ఒక్కోటి 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, అంగుళంపావు మందం. అదే కొలతలో రెండు రకాలున్నాయి. ఒకటి బరువైన మట్టి ఇటుక, ఇంకొకటి దాదాపు సగం బరువుండే ప్యూమిస్ ఇటుక, అంటే బోలుగా ఉండే అగ్నిపర్వత రాయితో చేసింది. చేతికి తేలిగ్గా ఉందని రెండోది తీసుకోబోయి, ఎందుకైనా మంచిదని ఫోన్లో స్టవ్ మాన్యువల్ తెరిచాను. మా దానికి మట్టి ఇటుకే వాడమని ఉంది. రెండూ వేడిని ఆపే తీరు వేరు, చూడటానికి ఒకేలా ఉన్నాయని మార్చకూడదు.

విప్పడంలో నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. బూడిద చల్లారి రెండు రోజులైంది కదా అని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పెట్టాను. అది ముందునుంచి పీల్చిన బూడిదని వెనకనుంచి హాలంతా చల్లింది. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఇది తుడుచుకుంటే పోయే తప్పు. బూడిదలో ఒక్క నిప్పు కణిక మిగిలినా ఇల్లే అంటుకునేదని తర్వాత వెలిగింది. నిప్పు బూడిద కింద రోజుల తరబడి బతుకుతుంది. ఇప్పుడు మూత ఉన్న ఇనప బకెట్లోకి ఎత్తి, చెక్క డెక్ మీద కాకుండా దూరంగా రాళ్ల మీద పెడుతున్నాను.

ఇటుకలకి సుద్దముక్కతో నంబర్లు వేసి, ఫోటో తీసి, పైనున్న పలకని దించి, పక్కవి తీశాకే వెనకవి వదిలాయి. వాటి వెనక మెత్తటి బూడిద గట్టిగా దిగబడి ఉంది. అది గీకకుండా పెడితే కొత్త ఇటుక గోడకి ఆనదు, ముందుకి తూలుతుంది. మూల ఇటుకని రెండంగుళాలు కోయాల్సి వచ్చింది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి మాస్క్ పెట్టుకుని, బయట నీళ్లు పోస్తూ డైమండ్ బ్లేడుతో కోశాను. మొత్తం మూడు ఇటుకలు మార్చాను. సరిగ్గా చేస్తే గంటన్నర పని, నాకు శనివారమంతా పట్టింది.

కొత్త ఇటుకల్లో తేమ ఉంటుంది కాబట్టి మొదటి మూడు రోజులు పుల్లలతో చిన్న మంటే వేశాను.

అసలు పగలడానికి కారణం మాత్రం నేనే. దుంగల్ని లోపలికి విసిరేవాణ్ణి, అవి వెళ్లి వెనక గోడకి కొట్టుకునేవి. పైగా ఆ ఏడాది కొన్న ఓక్ కట్టె పచ్చిది. అంటుకోక సుయ్‌మంటుంటే తలుపు ఓరగా తెరిచి పెట్టేవాణ్ణి. తీరా అంటుకున్నాక ఆ సంగతి మర్చిపోయేవాణ్ణి, స్టవ్ కొలిమిలా గర్జించేది. ఇప్పుడు తేమ మీటర్ కొన్నాను. కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి వైపు చూస్తాను, 20 శాతం దాటితే మళ్లీ షెడ్డులోకే. గాలి చొరబడకుండా తలుపు చుట్టూ ఉండే తాడు కూడా చూసుకుంటున్నాను. డాలర్ నోటు పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా జారి వచ్చిందంటే తాడు అరిగినట్టే. మాది రెండు చోట్ల జారింది, మార్చాను.

జనవరిలో ఒక ఉదయం బూడిద తీస్తుంటే కొత్త ఇటుక మీదే వెంట్రుకంత గీత కనిపించింది. వేలితో నొక్కి చూశాను. కదల్లేదు. రెండు కట్టెలు మెల్లగా లోపల పెట్టి తలుపు వేశాను.