గునుగు పువ్వూ, ‘వత్’ అనే ప్రత్యయమూ

‘ఆశ్చర్యవత్ పశ్యతి కశ్చిదేనం’. గీత రెండో అధ్యాయం, 29వ శ్లోకం. ఏ ఒక్కడో ఈ ఆత్మను ఆశ్చర్యంలా చూస్తాడని అర్థం. చాలామంది ‘కశ్చిత్’ దగ్గర ఆగిపోతారు, ఏ ఒక్కడికో దక్కేది మనకెక్కడిదిలే అని. నాకు మాత్రం ‘వత్’ దగ్గరే, అంటే ‘లాగా’ అనే చోటే కాలు ఆగుతుంది. శంకరుల భాష్యం ప్రకారం, ముందెన్నడూ చూడనిది ఉన్నట్టుండి కళ్లబడితే ఎట్లా చూస్తామో, అట్లా చూడటం. ఆత్మ మనకు కొత్తదా? పుట్టినప్పటి నుంచీ వెంటే ఉంది. వెంట ఉన్నదాన్నే మొదటిసారి చూసినట్టు చూడాలి. కష్టమంతా అక్కడే.

ఆత్మ గురించిన శ్లోకాన్ని పువ్వులకు అంటగడుతున్నానని పండితులు కోప్పడొచ్చు. పడనీ.

పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు హన్మకొండ వేయిస్తంభాల గుడికి పోయాను. ఎంగిలిపూల బతుకమ్మ, ఇసుకేస్తే రాలనంత జనం. సగం మంది బతుకమ్మకు వీపు తిప్పి సెల్ఫీల్లో ఉన్నారు. ఒళ్లు మండింది. మండింది గానీ, నేనేం తక్కువ? 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే రంగమండపం. దాని ముందు నుంచే ఇన్నేళ్లు బండి మీద డ్యూటీకి పోయాను, ‘ఇదేగదా’ అనుకుంటూ. ఆ ఒక్క మాట చాలు, కళ్లకు గంతలు కట్టడానికి.

మా అమ్మ వానాకాలమంతా పత్తిచేనులో గునుగును కలుపని పీకి గట్టు మీద పారేసేది. పెత్రమాస వచ్చేసరికి అదే గునుగు కోసం చెలకలన్నీ తిరిగేది. తెచ్చి, కట్టలు కట్టి, కొసలు కోసి, రంగులద్ది, తాంబాళంలో తంగేడు పక్కన పేర్చేది. పైన పసుపు గౌరమ్మను నిలిపి దండం పెట్టేది. “మొన్ననే పీకి పారేసినవ్ గదనే?” అని అడిగాను చిన్నప్పుడు.

“అప్పుడు పని మీదున్న బిడ్డా, పువ్వు కనవడలె” అన్నది.

ఇంతకు మించిన భాష్యం నేను వినలేదు. ఇప్పుడు కలుపుమందులొచ్చాక మా ఊళ్లో గునుగే కరువైంది, అది వేరే బాధ.

అయ్యా, అమ్మా, గుళ్లకు తిరిగింది చాలు. స్నానం చేసేటప్పుడు ‘గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి’ అని గడగడా చదువుతాం, మనసేమో కరెంటు బిల్లు మీద. మన వరంగల్ నల్లాల్లో వచ్చేవి గోదావరి నీళ్లే. పిలిచిన తల్లి బకెట్లోనే ఉంటే, ఒక్కసారైనా లోపలికి తొంగి చూశామా?

నేను మొన్న చూశాను. చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. మా ఇంటామె వచ్చి, నీళ్లలో ఏం పడిందని అడిగింది.