రోజుకు పదకొండుసార్లు బీపీ

ఖమ్మంలో ఆర్టీసీ కండక్టరుగా 31 ఏళ్ళు చేశాను. రాత్రి డిపోలో టికెట్ల లెక్కకు, సంచీలో డబ్బుకు రూపాయి తేడా వచ్చినా నిద్ర పట్టేది కాదు. రిటైరయ్యాక ఆ లెక్కల పిచ్చి బీపీ మీదికి మళ్ళింది.

ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ వచ్చింది. అరచేతుల నిండా చెమట, కడుపులో ఏదో తిప్పుతున్నట్టు. గ్యాసేమో అనుకుని వాము నీళ్ళు తాగాను. తెల్లారి ఈసీజీ, ఆ తర్వాత టూడీ ఎకో, థైరాయిడ్, షుగర్. అన్నీ నార్మల్. సంతోషించాల్సింది పోయి నాకు ఇంకా టెన్షన్ పెరిగింది, వీళ్ళకు దొరకని జబ్బేదో ఉందని. బీపీ మిషన్ కొన్నాను. పొద్దున 138. పది నిమిషాలాగి చూస్తే 150. కంగారుగా మళ్ళీ చుట్టుకుంటే 164. అన్నీ పాత ఎల్‌ఐసీ డైరీలో రాసేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ లెక్కపెట్టింది, పదకొండుసార్లు.

నిద్రకని మందుల షాపులో అడిగితే అల్ప్రాజోలం ఇచ్చారు, చీటీ కూడా అడగలేదు. హాయిగా నిద్ర పట్టింది. సగం బిళ్ళ కాస్తా ఒకటయింది, ఒకటి రెండయింది. నాలుగో నెలలో రాత్రి బాత్రూమ్‌కని లేచి, తూలి గడప దగ్గర పడ్డాను. తుంటి ఎముక విరగలేదు, అదృష్టం. మోచేయి చీరుకుపోయింది. "మామయ్యా, ఒకసారి సైకియాట్రిస్టుకు చూపిద్దాం" అన్నాడు అల్లుడు. నాకేమన్నా పిచ్చా అని రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

డాక్టరమ్మ గడిచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు అడిగింది. ఆందోళన ఎంత ఉందో కొలిచే ఆ ప్రశ్నల పట్టీని జీఏడీ-7 అంటారట. 21కి నాకు 15 వచ్చాయి. ఇంత మంచి మార్కులు బళ్ళో ఎప్పుడూ రాలేదు. "భయపడితే అడ్రినలిన్ ఎక్కుతుంది, గుండె జోరుగా కొట్టుకుంటుంది, బీపీ లేస్తుంది. ఆ అంకె చూసి మీరు మళ్ళీ భయపడుతున్నారు" అంది. నా దడ నిజమేనని, నటన కాదని మొదటిసారి ఒకరు అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆందోళన తగ్గడానికి ఎస్సిటలోప్రామ్ అనే మందు 5 మిల్లీగ్రాములు రాసింది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పింది. మొదటి వారమంతా వికారం. పెద్దవయసులో ఈ మందుతో సోడియం తగ్గే వీలుందని రక్తపరీక్ష కూడా చేయించింది.

అసలు కష్టం అల్ప్రాజోలం వదలడం. ఒక్కసారిగా మానితే ప్రమాదమంది. ఆమె చెప్పిన లెక్కనే మూడు నెలలు తగ్గించాను. పీట మీద కాగితం పరిచి, బ్లేడుతో బిళ్ళను నాలుగు ముక్కలు చేసేవాణ్ణి. పొడి రాలితే వేలితో అద్దేవాణ్ణి. పావుకు దిగిన రాత్రి అసలు కన్ను మూతపడలేదు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేశాను. డబ్బేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడారు. ఆ అమ్మాయి నాతో పాటే నిదానంగా ఊపిరి పీల్చి వదిలింది.

మిషన్ ఇప్పుడు బీరువాలో చీరల కింద ఉంది. ఆదివారం ఒక్కసారే బయటికి తీస్తుంది మా ఆవిడ. మొన్న 134 వచ్చింది. రాద్దామని డైరీ కోసం వెతికితే, దాన్లో పాల లెక్క రాసుకుంటోంది.